లైట్ వేసి ఉంచాం: కొలంబస్‌లో మా హాలోవీన్, గంజితో చేసిన దెయ్యం

వెనకాల బుస్సుమని సౌండ్ వస్తుంటే అది మా హీటర్, సారీ. అక్టోబర్ చివర్లో ఒహాయోలో అది లేకుండా కూర్చోలేం. నేను కొలంబస్‌లో ఉంటానని పాత ఎపిసోడ్‌లు చూసినవాళ్ళకి తెలుసు. ఈ రోజు 29. ఎల్లుండి హాలోవీన్.

ఈసారి నేను ఒక్కదాన్నే లేను. టేబుల్‌కి అటువైపు రెండు చేతులు కనిపిస్తున్నాయి కదా, నారింజ రంగు పెయింట్ అంటుకుని? అవి మా రూమ్మేట్‌వి. మొహం చూపించను, పేరు చెప్పను, ఎందుకో తర్వాత చెప్తా. తనది వరంగల్, నాది తెనాలి. కాబట్టి ఈ ఎపిసోడ్‌కి తన పేరు వరంగల్ మేడమ్.

"మేడమ్ గీడమ్ ఏం వద్దే, నువ్వు ముందు కెమెరా సక్కగ పెట్టు, సగం గుమ్మడికాయనే కనవడ్తలేదు."

చూశారా, డైరెక్షన్ కూడా ఆవిడదే.

సరే, ముందు పోయిన సంవత్సరం ఏం జరిగిందో చెప్పాలి. మేం ఈ దేశానికి వచ్చి అప్పటికి రెండు నెలలు. హాలోవీన్ అంటే సినిమాల్లో చూడటమే, మన ఇంటికెవరు వస్తారులే అనుకున్నాం. సాయంత్రం ఆరున్నరకి బెల్ మోగింది. తలుపు తీస్తే మోకాలంత ఎత్తున ఒక డైనోసార్. వెనక వాళ్ళ నాన్న. ఆ డైనోసార్ చేతిలో బకెట్ పైకెత్తి "ట్రిక్ ఆర్ ట్రీట్" అంది. ఇంట్లో ఏముందీ? కందిపప్పు ఉంది, ఆవకాయ ఉంది, సగం తిన్న బ్రెడ్ ఉంది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. నేను సారీ చెప్పి తలుపేశా. ఐదు నిమిషాల్లో మళ్ళీ బెల్. అప్పుడు వరంగల్ మేడమ్ ఇంట్లో లైట్లన్నీ ఆపేసింది. ఫోన్ టార్చ్ పెట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుని పప్పన్నం తిన్నాం, ఏదో దొంగతనం చేసినట్టు. అయినా బెల్ మోగుతూనే ఉంది!

ఎందుకు మోగిందో మర్నాడు పక్కింటి పెద్దావిడ చెప్పింది. ఇంట్లో లైట్లు కాదంట చూసేది, గుమ్మం బయట లైట్. పోర్చ్ లైట్ వెలుగుతుంటే "రండి, మా దగ్గర క్యాండీ ఉంది" అని అర్థం. ఆపేసి ఉంటే పిల్లలు ఆ మెట్లెక్కరు, ఎవరూ ఏమీ అనుకోరు. మేం లోపలవన్నీ ఆపి, బయటిది మాత్రం వేసి ఉంచాం. అంటే రమ్మని పిలిచి మరీ తలుపు తియ్యలేదు. ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ నాకు సిగ్గేసింది. మన ఊళ్ళో గుమ్మంలోకి వచ్చిన పిల్లని ఖాళీ చేతుల్తో పంపిస్తే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు.

అందుకే ఈసారి లైట్ వేసే ఉంచుతాం అని డిసైడయ్యాం. కొలంబస్ చుట్టుపక్కల దీన్ని బెగ్గర్స్ నైట్ అని కూడా అంటారు. టైమ్ కూడా ఫిక్స్, సాయంత్రం 6 నుంచి 8 దాకా. ఆ రెండు గంటలే.

అయితే క్యాండీ కొనడం ఐదు నిమిషాల పని. అసలు సరదా దానికి ముందు రోజుల్లో ఉంది. మేం మూడు వారాల నుంచి దీని మీదే ఉన్నాం. ఎందుకంటే... చెప్పెయ్యనా?

"చెప్పెయ్. గొంతు ఎట్లాగూ ఇంటున్నరు."

తను ఓపీటీ మీద ఉంది. చదువు అయిపోయాక ఇక్కడ పని చేసుకోవడానికిచ్చే పర్మిషన్. దాంట్లో ఒక రూల్ ఉంటుంది, ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. ఇక్కడ చదువుకుంటున్న మీకు తెలుసు ఈ లెక్క. ఈ రోజుకి తనకి 73. ఒక కంపెనీలో ఆఖరి రౌండ్ అయ్యింది, జవాబు రావాలి. నవంబర్ 14కి హైదరాబాద్ టికెట్ కూడా తీసి పెట్టుకుంది. నెలంతా పొద్దున అప్లికేషన్లు, మధ్యాహ్నం ఇంటర్వ్యూలు. సాయంత్రం ఏడు దాటాక లాప్‌టాప్ ముయ్యాల్సిందే, మూసి ఏదో ఒకటి చేత్తో చెయ్యాల్సిందే అని నేనే రూల్ పెట్టా. మొదట్లో తిట్టింది.

"ఇప్పుడు గూడ తిడ్తున్న."

మొదటి పని ఆకులు. ఇక్కడ అక్టోబర్‌లో చెట్లు చూస్తే మాటలు రావు. మేపుల్ చెట్టు నెల క్రితం పచ్చగా ఉండేది, ఇప్పుడు కుంకుమ చల్లినట్టుంది. పగటి వేళ తగ్గిపోయేకొద్దీ ఆకులో పచ్చరంగు, అంటే క్లోరోఫిల్, కరిగిపోతుంది. పసుపు రంగు కొత్తగా రాదు తెలుసా? అది వసంతం నుంచి ఆకులోనే ఉంటుంది, పచ్చదనం కింద దాక్కుని. ఎరుపు మాత్రం చాలావరకు అప్పుడే తయారవుతుంది. పగలు ఎండ బాగా కాసి, రాత్రి చలిగా ఉంటే ఎరుపు ఇంకా బాగా వస్తుంది. నాకు ఈ పసుపు సంగతి భలే నచ్చింది.

రాలినవాటిలో తడి లేనివి ఏరుకుని పేపర్ టవల్ మధ్య పెట్టి లావుపాటి పుస్తకంలో అదమాలి. మా ఇంట్లో అన్నిటికంటే లావు పుస్తకం ఏదో చెప్పుకోండి? ఇంటర్వ్యూ ప్రిపరేషన్ పుస్తకం. ఏ పేజీ తిప్పినా ఆకే. వారం అయ్యాక తీసి, వాక్స్ పేపర్ రెండు షీట్ల మధ్య పెట్టి, పైన గుడ్డ వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేశాం. మైనం కరిగి ఆకుకి పట్టుకుంటుంది, రంగు కొన్నాళ్ళు నిలబడుతుంది. బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ పేపర్ వేరే, దానికి మైనం ఉండదు. మేం మొదటిసారి అదే తెచ్చాం, అరగంట ఇస్త్రీ చేసినా ఏమీ అంటుకోలేదు. ఆకుల్ని దారానికి గుచ్చి గుమ్మానికి కట్టాం. అదిగో, మామిడాకులు లేని లోటు తీరింది. మేపుల్ తోరణం.

ఇప్పుడు హీరో. ఇటు చూడండి. తెల్లగా, చేతులు చాపుకుని, లోపల ఏ ఆధారం లేకుండా తనంతట తనే నిలబడింది. దెయ్యం. ఇక్కడివాళ్ళు దీన్ని చీజ్‌క్లాత్ అనే పల్చటి గుడ్డతో, షాపులో దొరికే లిక్విడ్ స్టార్చ్‌తో చేస్తారు. లిక్విడ్ స్టార్చ్ అంటే ఏంటి? మన గంజే కదా! దానికి డబ్బులు ఎందుకు పెట్టాలి?

ఎలా చేశామంటే, కుక్కర్‌లో కాదు, గిన్నెలో నీళ్ళెక్కువ పోసి అన్నం వండి వార్చాం. ఆ గంజి పల్చగా ఉందనిపించి రెండు చెంచాల మైదా నీళ్ళలో కలిపి పోసి, చిక్కబడేదాకా మళ్ళీ కాచాం. చల్లారాక గుడ్డ ముంచి పిండాలి, కారకుండా ఉంటే చాలు. ఒక సీసా మీద ఊదిన బెలూన్ పెట్టి టేప్ వెయ్యండి, అది తల. బట్టలు తగిలించే వైర్ హ్యాంగర్ వంచితే చేతులు. దాని మీద గుడ్డ కప్పి, అంచులు నేల మీద పరుచుకునేలా వదిలెయ్యాలి, ఆ అంచులే తర్వాత కాళ్ళలా నిలబెడతాయి. కింద ప్లాస్టిక్ కవర్ మర్చిపోకండి. మేం మర్చిపోయాం. మొదటి దెయ్యం టేబుల్‌కి అతుక్కుపోయి, లాగితే నడుము దగ్గర చిరిగింది. రెండోది హీటర్ దగ్గర ఒక రాత్రి, ఒక పగలు ఆరింది. బెలూన్ టప్‌మని పగలగొట్టి, సీసా, వైర్ మెల్లగా బయటికి తీశాం. అంతే. నల్ల కాగితంతో కళ్ళు. వానలో మాత్రం పెట్టకండి, మెత్తబడి కూలిపోతుంది, తడి ఉంటే బూజు కూడా పడుతుంది.

గుడ్డ ఎక్కడిదో నువ్వు చెప్తావా?

"మా బాపుది. పాత పంచె. అమ్మ పచ్చడి డబ్బాలకు సుట్టి పంపింది, కారొద్దని. ఉతికినా గూడ ఇంక మామిడికాయ వాసనే వస్తది. బాపుకు ఫోన్ల చూపిస్తే ఏమన్నడో ఎర్కేనా? 'నా పంచెకు నీకన్న ముందుగాల్నే అమెరికాల ఉద్యోగం దొర్కిందా' అన్నడు."

(నవ్వులు)

అది విని ఆ రోజు ఇద్దరం పది నిమిషాలు నవ్వాం. తర్వాత తను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు రాలేదు. సరే.

గుమ్మడికాయల దగ్గరికొద్దాం. కొలంబస్‌కి దక్షిణాన సర్కిల్‌విల్ అని చిన్న ఊరుంది, మాకు గంటలోపే. అక్కడ 1903 నుంచి పంప్‌కిన్ షో జరుగుతోంది. అక్టోబర్ మూడో బుధవారం మొదలై నాలుగు రోజులు. క్లాస్‌మేట్ కార్లో వెళ్ళాం. వెయ్యి పౌండ్లు, అంటే 450 కిలోలు దాటిన గుమ్మడికాయలు చూశా, మన ఆటో పట్టదు. గుమ్మడికాయ డోనట్ తిన్నాం, బాగుంది. నిజం చెప్పాలంటే మా అమ్మ చేసే గుమ్మడికాయ దప్పళం ముందు అంత కాదు.

మా టేబుల్ మీద మూడు కాయలున్నాయి. మొదటిది నాది, చెక్కేశా. మూత కోసేటప్పుడు కత్తి నిటారుగా కాకుండా లోపలికి ఏటవాలుగా పెట్టండి, లేకపోతే మూత లోపల పడిపోతుంది. గింజలు, పీచు గట్టి చెంచాతో గీకెయ్యాలి. మొహం చెక్కే వైపు గోడ ఒక అంగుళం మందం ఉండేదాకా గీకితే కొయ్యడం తేలిక, వెలుగు కూడా బాగా వస్తుంది. పెద్ద చాకు వద్దు, జారితే చేతికి తగులుతుంది. ఇక్కడ రంపం పళ్ళున్న చిన్న కత్తులు అమ్ముతారు, అవి వాడండి. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి, పిల్లల కాస్ట్యూమ్‌లు పొడుగ్గా వేలాడుతుంటాయి కదా. కోసిన అంచులకి వ్యాజిలిన్ రాస్తే త్వరగా వాడదు. ఎంత చేసినా చెక్కిన కాయ వారం నిలిస్తే గొప్ప. చెక్కనిది నెలలు ఉంటుంది.

గింజలు పారెయ్యకండి! కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో 350 ఫారెన్‌హీట్‌లో ఓ ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి. ఇందాకటి నుంచి మేడమ్ నములుతున్నది అదే.

అసలు ఈ చెక్కడం అమెరికాలో పుట్టింది కాదు. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవాళ్ళు. అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళకి ఇక్కడ గుమ్మడికాయ కనిపించింది, పెద్దది, తొలవడం సులువు. అలా మారింది. ఇంకా వెనక్కెళ్తే సావిన్ అని కెల్ట్‌ల పాత పండగ. పంట కాలం అయిపోయి చలికాలం మొదలయ్యే రాత్రి, చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మేవాళ్ళు.

"గట్లంటే మాకు గూడ ఉన్నది గదే. పెత్రమాస. ఆ రోజు పెద్దలకు బియ్యం ఇస్తరు, పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతది. గుమ్మడి పువ్వు గూడ పెడ్తం అందుల."

అవును కదా. మాకు బతుకమ్మ లేదు గానీ, మా తాతయ్య ఒకటి చెప్పేవాడు. దసరాకి బడి పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వెళ్ళేవారంట. పిల్లల చేతుల్లో రంగు కాగితాల విల్లంబులు, నోట్లో పద్యాలు. ఇంటివాళ్ళు పంతులుగారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవాళ్ళు. చిన్నప్పుడు విని వదిలేశా. డైనోసార్ బకెట్ గుర్తొచ్చినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

రెండో కాయకి నెమలికంఠం రంగుకి దగ్గరగా ఒక పెయింట్ వేశాం. టీల్ అంటారు. గుమ్మం ముందు టీల్ రంగు గుమ్మడికాయ ఉంటే, ఈ ఇంట్లో తినేవి కాకుండా వేరేవి కూడా ఇస్తారని గుర్తు. వేరుశెనగ, పాలు పడని పిల్లలు చాలామంది ఉంటారిక్కడ. క్యాండీలో ఎక్కువ వాటిలో అవే. పాపం, ఊరంతా తిరిగి తెచ్చుకున్నది ఇంటికెళ్ళాక తీసేసుకుంటారు. ఫుడ్ అలర్జీల మీద పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014లో దీన్ని దేశమంతా మొదలుపెట్టింది. మేం పెన్సిళ్ళు, స్టిక్కర్లు, గాజులు పెట్టాం. గాజుల ఐడియా ఎవరిదో చెప్పక్కర్లేదు.

మూడోది మేడమ్‌ది. చెక్కనంది. చెక్కితే వారంలో కుళ్ళుతుందని చెప్పా కదా, అప్పటి నుంచి ముట్టనివ్వలేదు. మార్కర్‌తో మొహం గీసింది. పెద్ద పెద్ద కళ్ళు, కోరలు, గుబురు మీసాలు, నుదుటన బొట్టు. ఏంటది?

"దిష్టి గుమ్మడికాయ. మన దిక్కు ఇంటి ముంగట కట్టేదే. వీళ్ళకు దీపం, మనకు మీసాలు."

ఊళ్ళో అది బూడిద గుమ్మడికాయ, ఇక్కడ నారింజది. ఎవరి దిష్టి తగిలిందంటావు ఇంతకీ?

"నీదే. రోజు పొద్దుగాల్నే లేచి 'ఏమన్నా మెయిల్ వచ్చిందా, ఏమన్నా మెయిల్ వచ్చిందా'..."

గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకోను బాబూ. కట్ చేస్తున్నా.

(రెండో భాగం, అక్టోబర్ 31, రాత్రి)

హాయ్, మళ్ళీ నేనే. మెల్లగా మాట్లాడుతున్నా, గుమ్మంలోనే కూర్చున్నాం. టైమ్ 7:50.

ముందు ఆ సంగతి చెప్పేస్తా. నిన్న మధ్యాహ్నం ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రాలేదు, ఉద్యోగం. వీడియోలో చెప్పమని తనే అంది, సగం చెప్పి వదిలేస్తే కామెంట్లలో అందరూ అదే అడుగుతారని. నిన్న సాయంత్రం రూల్ ఏమీ పెట్టలేదు నేను. తొమ్మిదింటికి తనే వచ్చి, క్యాండీ ఏ గిన్నెలో పోద్దాం అని అడిగింది. ఇడ్లీ పిండి కలిపే స్టీల్ గిన్నె తీశాం, అదే పెద్దది.

ఈ రోజు ఆరయ్యేసరికి లైట్ వేశాం. మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ రాలేదు. నాకు ఒకటే టెన్షన్, పోయినసారి చూసి మన ఇల్లు వదిలేశారేమో అని. ఆ తర్వాత ఆగలేదు. 41 మందిని లెక్కపెట్టా. చలికి అందరూ కాస్ట్యూమ్ మీద జాకెట్లు వేసుకొచ్చారు, కాబట్టి స్పైడర్‌మ్యాన్ ఎవరో, బెండకాయ ఎవరో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. అవును, బెండకాయ అనుకున్నాం, మొసలంట. ఒక పాప టీల్ గుమ్మడికాయ చూసి మెట్ల కింద నుంచే అమ్మని పిలిచి చూపించింది. క్యాండీ గిన్నె వైపు చూడనే లేదు. గాజులు తీసుకుంది, ఎర్రవి. అక్కడే వేసుకుంది.

బాపు పంచె దెయ్యం సూపర్ హిట్. ఒకడు ముక్కు పెట్టి వాసన చూసి ఏంటిది అన్నాడు. మామిడికాయ పచ్చడికి ఇంగ్లీష్‌లో ఏం చెప్పాలో తెలియక ఇద్దరం ఆగిపోయాం.

ఏడింటికి ఒక తెలుగు ఫ్యామిలీ వచ్చింది. ఆయన తోరణం చూసి ఆగి, ఆ మీసాల గుమ్మడికాయ చూసి, "మీరు తెలుగువాళ్ళా అమ్మా?" అన్నారు. మాటల్లో తనని అడిగారు, ఏం చేస్తుంటావని. నేను మధ్యలో దూరి ఏదో చెప్పబోయా. తనే చెప్పింది, "ఉద్యోగం దొరకలేదు అంకుల్, 14న ఇండియాకు పోతున్న" అని. ఇన్నాళ్ళలో బయటి మనిషితో ఆ మాట అనడం మొదటిసారి. ఆయన కాసేపు ఆగి, "మా తమ్ముడు కూడా అలాగే వెళ్ళాడమ్మా" అన్నారు. ఇంకేం అనలేదు. వాళ్ళబ్బాయి ఈ లోపల గిన్నెలోంచి నాలుగు తీసుకున్నాడు, ఎవరూ చూడలేదనుకుని. తను చూసి ఐదోది చేతిలో పెట్టింది.

ఇప్పుడు వీధి ఖాళీ అయిపోయింది. గిన్నెలో తొమ్మిది మిగిలాయి. నా కాయ అప్పుడే మూత దగ్గర ముడతలు పడుతోంది.

"నాది తియ్యకే. నేను పోయినంక గూడ గాడనే ఉండనీ. కుళ్ళినంక చూద్దువు."

నవంబర్‌లో గుమ్మం ముందు మీసాల గుమ్మడికాయ ఏంటని పక్కింటావిడ అడిగితే?

"దిష్టి అని చెప్పు. ఆమెకు లైట్ సంగతి ఎర్క, నీకు దిష్టి సంగతి ఎర్క."

సరే, ఉంచుతా. ఎనిమిది అయ్యిందేమో అని లైట్ ఆపడానికి లేచింది. ఇంకా నాలుగు నిమిషాలుంది అన్నా. చివర్లో ఒకరో ఇద్దరో పరిగెత్తుకుంటూ వస్తారంట, పక్కింటావిడ చెప్పింది. మళ్ళీ కూర్చుంది. ఫోన్ ఛార్జింగ్ మూడు శాతం ఉంది, నేనిక్కడ ఆపేస్తున్నా. అదిగో, ఎవరో మెట్లెక్కుతున్నారు. ఆ గిన్నె ఇలా ఇవ్వు.